జార్జ్ హెన్రీ థామస్: అమెరికా అంతర్యుద్ధంలో ఒక సేనాని

జార్జ్ హెన్రీ థామస్ (1816–1870) అమెరికా అంతర్యుద్ధంలో (1861–1865) యూనియన్ పక్షాన, అంటే దేశం ఒక్కటిగా ఉండాలన్న సమాఖ్య ప్రభుత్వ పక్షాన, పోరాడిన ప్రముఖ సేనానుల్లో ఒకడు. బానిసలను కలిగి ఉన్న వర్జీనియా వ్యవసాయ కుటుంబంలో పుట్టినా, ఆ రాష్ట్రం దేశం నుంచి విడిపోయినప్పుడు అతడు దాని వెంట వెళ్లకుండా సైనికుడిగా చేసిన ప్రమాణానికే కట్టుబడ్డాడు. మిల్ స్ప్రింగ్స్, స్టోన్స్ రివర్, చికమాగా, చట్టనూగా, అట్లాంటా, నాష్‌విల్ రణరంగాల్లో అతని సేవ యుద్ధపు పడమటి రంగం చరిత్రతో విడదీయరానిదిగా కలిసిపోయింది. సమకాలికులు అతని నిదానాన్ని కొన్నిసార్లు లోపంగా ఎంచారు. అయితే పోరుకు ముందు సమస్తాన్నీ సిద్ధం చేసుకోవడం, పోరు మొదలయ్యాక చోటు వదలకపోవడం అతని యుద్ధ విధానానికి రెండు ముఖాలని, మొదటిది లేకుండా రెండోది సాధ్యపడేది కాదని అతని జీవితం స్పష్టం చేస్తుంది.

బాల్యం, సైనిక విద్య

థామస్ 1816 జూలై 31న వర్జీనియా రాష్ట్రంలోని సౌతాంప్టన్ కౌంటీలో జన్మించాడు. చిన్నతనంలోనే తండ్రి చనిపోవడంతో వ్యవసాయ క్షేత్రం, పిల్లల పెంపకం తల్లి మీద పడ్డాయి. 1831 ఆగస్టులో నాట్ టర్నర్ అనే బానిస నాయకత్వంలో అదే కౌంటీలో తిరుగుబాటు చెలరేగగా, అప్పుడే 15 ఏళ్లు నిండిన థామస్ తల్లితో, తోబుట్టువులతో కలిసి ఇల్లు విడిచి కౌంటీ కేంద్రానికి చేరి ప్రాణాలు దక్కించుకున్నాడు. బానిసత్వం మీద నిలబడిన సమాజంలో ఎంత భయం, ఎంత ఆగ్రహం పొంచి ఉంటాయో ఇంత దగ్గరగా చూసిన సేనానులు ఆ యుద్ధంలో అరుదు.

కొంతకాలం న్యాయశాస్త్రం చదువుకొని, కౌంటీ కార్యాలయంలో బంధువుకు సహాయకుడిగా పనిచేసిన థామస్, 1836లో న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో చేరాడు. అక్కడ అతనితో ఒకే గదిలో ఉన్నవారిలో తర్వాతి కాలంలో ప్రసిద్ధుడైన విలియం షెర్మన్ ఒకడు. 1840లో 42 మంది పట్టభద్రుల్లో 12వ స్థానంలో ఉత్తీర్ణుడై, అతడు మూడవ ఫిరంగి రెజిమెంటులో అధికారిగా నియమితుడయ్యాడు.

తొలి యుద్ధానుభవం

ఫ్లోరిడాలో సెమినోల్ తెగవారితో సాగిన పోరులో పాల్గొన్నాక, 1846–48 నాటి మెక్సికో యుద్ధంలో థామస్ జకారీ టేలర్ సైన్యంలో ఫిరంగులు నడిపాడు. మాంటరే పోరులోనూ, 1847 ఫిబ్రవరిలో జరిగిన బ్యూనా విస్టా పోరులోనూ చూపిన ధైర్యానికి అతనికి వరుసగా కెప్టెన్, మేజర్ బ్రెవెట్ హోదాలు లభించాయి. బ్రెవెట్ అంటే పరాక్రమానికి గుర్తింపుగా ఇచ్చే గౌరవ హోదా. దానితో జీతం గానీ అసలు పదవి గానీ సాధారణంగా మారవు. మెక్సికోలో అతడు పనిచేసిన ఫిరంగి దళానికి నాయకుడైన బ్రాక్స్‌టన్ బ్రాగే పదహారేళ్ల తర్వాత చికమాగాలో అతనికి ప్రత్యర్థిగా ఎదురుపడ్డాడు.

1851 నుంచి 1854 వరకు థామస్ వెస్ట్ పాయింట్‌లో ఫిరంగి యుద్ధాన్నీ, గుర్రపు స్వారీనీ బోధించాడు. విద్యాలయంలోని ముసలి గుర్రాలను కుర్ర విద్యార్థులు దౌడు తీయించబోయిన ప్రతిసారీ నెమ్మదిగా నడిపించమని ఆజ్ఞాపించేవాడు కనుక, అతనికి నిదానపు నడక థామస్ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. విద్యార్థుల చిలిపితనంలో పుట్టిన ఆ పేరు తర్వాత యుద్ధకాలమంతా అతన్ని వెన్నాడింది. ఈ కాలంలోనే, 1852లో, న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ నగరానికి చెందిన ఫ్రాన్సెస్ కెలాగ్‌ను వివాహమాడాడు. 1855లో కొత్తగా ఏర్పడిన రెండవ ఆశ్వికదళంలో మేజర్‌గా చేరి టెక్సాస్ సరిహద్దులో పనిచేశాడు. ఆల్బర్ట్ సిడ్నీ జాన్‌స్టన్, రాబర్ట్ ఇ. లీ, విలియం హార్డీ ఆ దళంలో అతని పై అధికారులు. ఆ ముగ్గురూ అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షం వహించారు.

1861: ప్రమాణమా, పుట్టిన రాష్ట్రమా

బానిసత్వ విస్తరణను వ్యతిరేకించిన అబ్రహాం లింకన్ 1860 నవంబరులో అధ్యక్షుడిగా ఎన్నిక కావడంతో దక్షిణాది రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటి దేశం నుంచి వైదొలగాయి. చివరకు 11 రాష్ట్రాలు కలిసి కాన్ఫెడరసీ అనే ప్రత్యేక కూటమిగా నిలిచాయి. 1861 ఏప్రిల్‌లో దక్షిణ కరోలినాలోని సమ్టర్ కోటపై కాన్ఫెడరేట్ ఫిరంగులు పేలగా, కొద్ది రోజులకే వర్జీనియా కూడా విడిపోయింది. సొంత రాష్ట్రం మీద కత్తి దూయలేనని లీ రాజీనామా చేశాడు. దక్షిణాది నుంచి వచ్చిన సైనికాధికారులు ఎందరో అదే దారి పట్టారు.

థామస్ ఆ దారి పట్టలేదు. దేశ రాజ్యాంగానికి విధేయుడిగా ఉంటానని తాను చేసిన ప్రమాణానికి, పుట్టిన రాష్ట్రం తీసుకున్న నిర్ణయంతో కాలం చెల్లదని అతడు భావించాడు. ఇది బానిసత్వాన్ని ఖండించి తీసుకున్న నిర్ణయం కాదు. టెక్సాస్‌లో ఉన్నప్పుడు ఇంటి పనికి ఒక బానిస స్త్రీని కొనుగోలు చేసినవాడే అతడు. ఈ నిర్ణయానికి అతడు చెల్లించిన మూల్యం మాత్రం జీవితాంతం తీరలేదు. అక్కచెల్లెళ్లు అతని చిత్రపటాన్ని గోడవైపు తిప్పి పెట్టారని, ఆ తర్వాత ఎన్నడూ అతనితో ఉత్తర ప్రత్యుత్తరాలు జరపలేదని చెబుతారు. వర్జీనియాలో అతన్ని ద్రోహిగా చూశారు. ఉత్తరాదిలో దక్షిణాదివాడన్న అనుమానం చాలాకాలం వెంటాడింది. లింకన్ ప్రభుత్వంలో పదోన్నతులకు రాష్ట్ర నాయకుల సిఫారసు బలంగా పనిచేసేది కాగా, విడిపోయిన రాష్ట్రానికి చెందిన థామస్‌కు వాషింగ్టన్‌లో అలాంటి అండ లేకుండా పోయింది. 1861 ఆగస్టులో అతన్ని బ్రిగేడియర్ జనరల్‌గా నియమించి కెంటకీకి పంపారు.

పడమటి రంగం, సైన్య నిర్మాణం

ఈ యుద్ధాన్ని స్థూలంగా రెండు రంగాలుగా విభజిస్తారు. రెండు రాజధానులైన వాషింగ్టన్, రిచ్‌మండ్ మధ్య ప్రాంతం తూర్పు రంగం. అపలేచియన్ పర్వతాలకు, మిసిసిపి నదికి నడుమ ఉన్న కెంటకీ, టెన్నెసీ, జార్జియా తదితర రాష్ట్రాలు పడమటి రంగం. విశాలమైన పడమటి రంగంలో సైన్యాలు టెన్నెసీ, కంబర్లాండ్ నదుల మీద, ఒంటి వరుస రైలు మార్గాల మీద ఆధారపడి బతికేవి కాబట్టి, సరఫరాలను కాపాడుకోగలిగిన సేనానికే అక్కడ నిలదొక్కుకునే వీలుండేది.

ఆనాటి సైన్యంలో సుమారు వెయ్యిమందితో మొదలయ్యే రెజిమెంటు ప్రాథమిక దళం. కొన్ని రెజిమెంట్లు కలిస్తే బ్రిగేడ్, కొన్ని బ్రిగేడ్లు కలిస్తే డివిజన్, రెండు మూడు డివిజన్లు కలిస్తే కోర్ ఏర్పడేవి. అలాంటి కొన్ని కోర్‌లను కలిపి ఒక సైన్యంగా పరిగణించేవారు. యూనియన్ సైన్యాలకు సాధారణంగా నదుల పేర్లు పెట్టేవారు. థామస్ పేరు శాశ్వతంగా ముడిపడినది కంబర్లాండ్ సైన్యంతో.

మిల్ స్ప్రింగ్స్ (1862 జనవరి)

తూర్పు కెంటకీలో కంబర్లాండ్ నది ఉత్తరపు ఒడ్డున, వెనుక పొంగే నదిని పెట్టుకొని, ఒక కాన్ఫెడరేట్ దళం విడిది చేసింది. బురద దారుల్లో రోజుల తరబడి నడిచి థామస్ దళాలు లోగన్ కూడలి వద్దకు చేరాయి. అవి పూర్తిగా కలుసుకోకముందే దెబ్బతీయాలని కాన్ఫెడరేట్ జనరల్ జార్జ్ క్రిటెండెన్ రాత్రంతా వానలో సైన్యాన్ని నడిపించి 1862 జనవరి 19 తెల్లవారుజామున దాడి చేశాడు. ముందుగా పెట్టిన గస్తీ దళాలు ఆ దాడిని నెమ్మదింపజేయడంతో థామస్‌కు రెజిమెంట్లను బారులు తీర్చే వ్యవధి దొరికింది. వాన, పొగ కమ్ముకున్న వేళ కాన్ఫెడరేట్ బ్రిగేడియర్ ఫీలిక్స్ జాలికాఫర్ పొరపాటున యూనియన్ వరుసల దగ్గరికి వచ్చి కాల్పుల్లో మరణించాడు. చెకుముకి రాయితో నిప్పు పుట్టించే దక్షిణాది పాత తుపాకులు చాలా వరకు తడిసి పేలలేదు. ఆ సమయంలో థామస్ ప్రత్యర్థి పార్శ్వం మీదికి, అంటే బారుల పక్క భాగం మీదికి, బాయ్‌నెట్లతో దాడి చేయించడంతో కాన్ఫెడరేట్ వరుస విరిగిపోయింది. ఓడిన సైన్యం ఫిరంగులను, బండ్లను వదిలి ఆ రాత్రే నది దాటింది.

యూనియన్ నష్టం 250కి లోపే ఉండగా కాన్ఫెడరేట్ నష్టం 500 దాటింది. తర్వాతి యుద్ధాల లెక్కలో ఇది చిన్న పోరే. అయినా అంతవరకు వరుస పరాజయాలు చూసిన ఉత్తరాదికి ఇది పడమటి రంగంలో చెప్పుకోదగ్గ తొలి విజయం. తూర్పు కెంటకీలో కాన్ఫెడరేట్ రక్షణ వరుస దీనితో తెగిపోయింది.

షైలో నుంచి స్టోన్స్ రివర్ వరకు

1862 ఏప్రిల్ 6, 7 తేదీల్లో జరిగిన షైలో పోరు ముగిశాక గానీ థామస్ డివిజన్ అక్కడికి చేరుకోలేదు. ఆ వెంటనే జరిగిన కొరింత్ ముట్టడిలో పడమటి రంగ సర్వసేనాని హెన్రీ హ్యాలెక్, అంతవరకు యులిసిస్ గ్రాంట్ కింద ఉన్న సైన్యంలో ఎక్కువ భాగాన్ని థామస్‌కు అప్పగించి, గ్రాంట్‌ను అధికారం లేని ఉపసేనాని స్థానంలో కూర్చోబెట్టాడు. ఈ ఏర్పాటు థామస్ కోరుకున్నది కాకపోయినా, వారిద్దరి మధ్య ఆ తర్వాత కొనసాగిన ముభావానికి ఇదే మొదలని చరిత్రకారులు పలువురు భావిస్తారు.

అదే ఏడాది సెప్టెంబరులో కెంటకీలోకి చొచ్చుకువచ్చిన బ్రాగ్‌ను ఎదుర్కొనేందుకు డాన్ కార్లోస్ బ్యూల్ సైన్యం కదలబోతున్న సమయంలో, బ్యూల్‌ను తొలగించి ఆ పదవి థామస్‌కు ఇస్తూ వాషింగ్టన్ నుంచి ఆజ్ఞలు వచ్చాయి. యుద్ధానికి సమస్తం సిద్ధం చేసిన సేనానిని పోరు ముంగిట తొలగించడం న్యాయం కాదని థామస్ ఆ పదవిని తిరస్కరించాడు. అక్టోబరు 8న జరిగిన పెరీవిల్ పోరు తర్వాత ప్రభుత్వం బ్యూల్‌ను మళ్లీ తొలగించి, ఈసారి థామస్‌ను అడగకుండా విలియం రోజ్‌క్రాన్స్‌ను నియమించింది. తనను దాటిపోయిన ఈ నియామకంపై థామస్ తన అభ్యంతరాన్ని రాతపూర్వకంగా తెలిపి, ఆపైన కొత్త సేనాని కింద సైన్య మధ్యభాగానికి నాయకుడిగా మనస్ఫూర్తిగా పనిచేశాడు.

1862 డిసెంబరు 31న టెన్నెసీలోని మర్‌ఫ్రీస్‌బరో దగ్గర స్టోన్స్ రివర్ పోరు మొదలైంది. తెల్లవారుతూనే బ్రాగ్ చేసిన దాడికి యూనియన్ కుడి భాగం చిట్లిపోయి, సైన్యమంతా మడతపడిన చాకులా వెనక్కి ముడుచుకుపోయింది. ఆ మడత దగ్గర దేవదారు అడవుల్లో థామస్ దళాలు భారీ నష్టాలకు ఓర్చి, వెనుక కొత్త వరుస ఏర్పడేవరకు నిలబడ్డాయి. 1863 జనవరి 2 వరకు సాగిన ఈ పోరులో ఇరుపక్షాలా కలిపి సుమారు 24,000 మంది మరణించడమో, గాయపడడమో, పట్టుబడడమో జరిగింది. చివరకు బ్రాగ్ వెనుదిరగడంతో ఇది యూనియన్ విజయమైంది. ఆరు నెలల తర్వాత, 1863 జూన్ చివర మొదలైన టలహోమా దండయాత్రలో థామస్ కోర్‌లోని వైల్డర్ బ్రిగేడ్, వరుసగా ఏడు గుళ్లు పేల్చగల స్పెన్సర్ రిపీటర్ తుపాకులతో హూవర్ కనుమను చేజిక్కించుకుంది. పెద్ద పోరంటూ జరగకుండానే మధ్య టెన్నెసీ యూనియన్ వశమైంది.

చికమాగా (1863 సెప్టెంబరు 19–20)

చట్టనూగా నగరం దక్షిణాది రైలు మార్గాల కూడలి. సెప్టెంబరు మొదట్లో రోజ్‌క్రాన్స్ దాన్ని పోరు లేకుండా చేజిక్కించుకున్నాడు. అయితే పారిపోతున్నాడనుకున్న బ్రాగ్ వెనుదిరిగి, వర్జీనియా నుంచి రైళ్లలో వస్తున్న జేమ్స్ లాంగ్‌స్ట్రీట్ దళాలతో బలపడి ఎదురుదాడికి దిగాడు. జార్జియాలో చికమాగా వాగు ఒడ్డున సుమారు 65,000 మంది కాన్ఫెడరేట్ సైనికులు, సుమారు 60,000 మంది యూనియన్ సైనికులు తలపడ్డారు. చట్టనూగా వెళ్లే దారిని తెంచి యూనియన్ సైన్యాన్ని కొండల మధ్య బంధించాలన్నది బ్రాగ్ వ్యూహం. 18వ తేదీ రాత్రంతా థామస్ తన కోర్‌ను ఉత్తరానికి నడిపించి, ఆ దారికి అడ్డంగా ఎడమ పార్శ్వంలో నిలిపాడు. 19న రోజంతా దట్టమైన అడవిలో, ఎవరు ఎక్కడున్నారో కనిపించని స్థితిలో పోరు సాగింది. ఆ రాత్రి థామస్ సైనికులు చెట్లు నరికి, దుంగలతో ఛాతీ ఎత్తు అడ్డుగోడలు కట్టుకున్నారు.

20వ తేదీ ఉదయం ఆ దుంగల గోడల మీదికి వచ్చిన దాడులన్నీ విఫలమయ్యాయి. తన వైపే బరువు పడుతుండడంతో థామస్ పదేపదే అదనపు బలగాలు కోరగా, రోజ్‌క్రాన్స్ కుడివైపు నుంచి దళాలను ఎడమకు మళ్లిస్తూ వచ్చాడు. ఆ హడావుడిలో వరుసలో ఖాళీ ఏర్పడిందన్న తప్పుడు సమాచారం అంది, దాన్ని పూడ్చమని థామస్ వుడ్ అనే మరో అధికారి డివిజన్‌కు ఆజ్ఞ వెళ్లింది. వుడ్ తన చోటు వదలడంతో లేని ఖాళీ నిజంగానే ఏర్పడింది. సరిగ్గా ఆ చోటికే లాంగ్‌స్ట్రీట్ ఎనిమిది బ్రిగేడ్లతో దూసుకొచ్చాడు. యూనియన్ కుడి భాగం తుడిచిపెట్టుకుపోయి, సైన్యంలో మూడో వంతు, దానితో పాటు ఇద్దరు కోర్ నాయకులు, రోజ్‌క్రాన్స్ సైతం చట్టనూగా వైపు వెళ్లిపోయారు.

మిగిలిన సైన్యానికి థామసే దిక్కయ్యాడు. స్నాడ్‌గ్రాస్ కొండ, దాన్ని ఆనుకొని గుర్రపు లాడం ఆకారంలో ఉన్న గుట్ట మీద చెదిరిన రెజిమెంట్ల ముక్కలను ఒక్కచోట చేర్చి, ఆ మధ్యాహ్నమంతా కాన్ఫెడరేట్ దాడులను తిప్పికొట్టాడు. తూటాలు అడుగంటుతున్న వేళ, వెనుక రిజర్వుగా ఉన్న గోర్డన్ గ్రేంజర్ పై నుంచి ఆజ్ఞ రాకపోయినా ఫిరంగుల చప్పుడు విని తనంతట తాను సాయానికి వచ్చాడు. జేమ్స్ స్టీడ్‌మన్ డివిజన్ తూటాలు తీసుకొచ్చి, కుడి పార్శ్వాన్ని చుట్టుముట్టబోతున్న ప్రత్యర్థిని గుట్ట దించింది. తర్వాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన జేమ్స్ గార్ఫీల్డ్ అప్పుడు రోజ్‌క్రాన్స్ సిబ్బంది ప్రధానాధికారి. కాల్పుల మధ్య గుర్రం మీద థామస్‌ను చేరి, అతడింకా నిలిచే ఉన్నాడన్న కబురు పంపాడు. చీకటి పడే వేళ థామస్ దళాలను క్రమంగా వెనక్కి తీసుకున్నాడు.

యూనియన్ పక్షాన 16,000 మందికి పైగా, కాన్ఫెడరేట్ పక్షాన 18,000 మందికి పైగా నష్టపోయిన ఈ పోరు, మొత్తం నష్టంలో ఈ యుద్ధంలోని గెటిస్‌బర్గ్ పోరు తర్వాత రెండవదిగా లెక్కకెక్కింది. చికమాగా యూనియన్‌కు ఓటమే. కానీ ఆ ఓటమి సర్వనాశనం కాకుండా ఆగింది స్నాడ్‌గ్రాస్ కొండ మీదే. అప్పటి నుంచి థామస్‌ను చికమాగా శిల అని పిలవసాగారు.

చట్టనూగా ముట్టడి, విముక్తి

చుట్టూ ఉన్న ఎత్తులను బ్రాగ్ ఆక్రమించడంతో చట్టనూగాలో చిక్కిన సైన్యానికి తిండి కరువైంది. సైనికుల రేషన్ సగానికి, ఆపైన పావుకు తగ్గింది. కొండదారుల్లో బండ్లు లాగే కంచరగాడిదలు వేల సంఖ్యలో చచ్చాయి. అక్టోబరులో ప్రభుత్వం పడమటి రంగమంతటినీ గ్రాంట్‌కు అప్పగించింది. అతడు రోజ్‌క్రాన్స్ స్థానంలో థామస్‌ను కంబర్లాండ్ సైన్యాధిపతిగా నియమించాడు. నగరాన్ని ఎలాగైనా నిలబెట్టుకోవాలన్న గ్రాంట్ తంతికి, ఆకలితో మాడిపోయేదాకా పట్టు వదలబోమని థామస్ జవాబిచ్చాడు. అక్టోబరు చివర పడవలను వరుసగా కట్టి నది మీద తేలే వంతెన వేసి, బ్రౌన్స్ ఫెర్రీ రేవును పట్టుకోవడంతో కొత్త సరఫరా దారి తెరుచుకుంది. సైనికులు రొట్టె బిళ్లల దారి అని పిలుచుకున్న ఆ మార్గానికి రూపకర్త థామస్ సైన్యంలోని ప్రధాన ఇంజినీరు విలియం స్మిత్. రోజ్‌క్రాన్స్ కాలంలోనే తలపెట్టిన ఆ పథకాన్ని థామస్ సమర్థించి గ్రాంట్ ముందు ఉంచాడు.

నవంబరు 23న థామస్ దళాలు కవాతుకు వెళ్తున్నట్టుగా బారులు తీరి ముందుకు సాగి ఆర్చర్డ్ నాబ్ గుట్టను పట్టుకున్నాయి. 24న జోసెఫ్ హుకర్ లుకౌట్ పర్వతాన్ని సాధించాడు. 25న మిషనరీ రిడ్జ్ అనే పొడవాటి కొండ వరుస ఉత్తరపు కొసన షెర్మన్ దాడి ముందుకు సాగకపోవడంతో, అతని మీద ఒత్తిడి తగ్గించడానికి కొండ అడుగున ఉన్న కందకాలను మాత్రమే పట్టుకోమని గ్రాంట్ థామస్‌ను ఆదేశించాడు. 20,000 మందికి పైగా సైనికులు ఆ కందకాలను పట్టుకున్నారు. కానీ పై నుంచి కురుస్తున్న కాల్పుల కింద అక్కడ ఆగడం చావుతో సమానమైంది. ఎవరి ఆజ్ఞా లేకుండానే వారు కొండ ఎక్కసాగారు. ఇది ఎవరి ఆదేశమని గ్రాంట్ కోపంగా అడిగితే, తనకు తెలియదని థామస్ బదులిచ్చాడు. గంట గడిచేసరికి కొండశిఖరం మీద యూనియన్ జెండాలు ఎగిరాయి. బ్రాగ్ సైన్యం జార్జియాలోకి పారిపోయింది.

మృతుల కోసం థామస్ ఆ నగరంలోనే జాతీయ శ్మశానవాటికను ఏర్పాటు చేయించాడు. రాష్ట్రాలవారీగా పూడ్చాలా అని మతాధికారి ప్రశ్నించగా, అందరినీ కలిపే పూడ్చమని, రాష్ట్రాల హక్కుల మాట విని విసిగిపోయానని అతడన్నట్టు చెబుతారు. ఆ మాట వెనుక 1861లో అతడు తీసుకున్న నిర్ణయమే ఉంది.

అట్లాంటా దండయాత్ర (1864)

1864 మే నెలలో షెర్మన్ సుమారు లక్ష మందితో అట్లాంటా వైపు కదిలినప్పుడు, అందులో దాదాపు 60,000 మంది థామస్ కంబర్లాండ్ సైన్యమే. మెక్‌ఫర్సన్, షోఫీల్డ్ నడిపిన రెండు చిన్న సైన్యాలు పార్శ్వాలను చుట్టివస్తుంటే, ప్రత్యర్థిని ఎదురుగా నిలిపి ఉంచే బరువైన పని థామస్‌ది. స్నేక్ క్రీక్ కనుమ గుండా ప్రత్యర్థి వెనుకకు చేరవచ్చన్న ఉపాయం థామస్ సూచించినదే. షెర్మన్ దాన్ని స్వీకరించినా, థామస్ కోరినంత పెద్ద బలంతో కాక మెక్‌ఫర్సన్ చిన్న సైన్యంతో అమలు చేయడంతో పూర్తి ఫలితం దక్కలేదు. జూన్ 27న కెనెసా పర్వతం మీద ముఖాముఖి దాడికి షెర్మన్ ఆజ్ఞాపించినప్పుడు థామస్ దళాలు తీవ్రంగా నష్టపోయాయి.

జూలై 17న కాన్ఫెడరేట్ ప్రభుత్వం అక్కడి తన సేనాని, జాగరూకుడైన జోసెఫ్ జాన్‌స్టన్‌ను తొలగించి, దూకుడుకు పేరుపడ్డ జాన్ బెల్ హుడ్‌ను నియమించింది. హుడ్ తొలి దాడి జూలై 20న పీచ్‌ట్రీ క్రీక్ వాగు దాటుతున్న థామస్ మీదే జరిగింది. థామస్ స్వయంగా ఫిరంగులను ముందుకు తోలించి ఆ దాడిని తిప్పికొట్టాడు. సెప్టెంబరు 2న అట్లాంటా యూనియన్ వశమైంది. ఆ విజయం లింకన్ తిరిగి ఎన్నిక కావడానికి ఎంతగానో తోడ్పడింది.

నాష్‌విల్ (1864 డిసెంబరు 15–16)

అట్లాంటా పడిపోయాక షెర్మన్ సుమారు 60,000 మంది మేలైన సైనికులను తీసుకొని సముద్రం వైపు సాగిపోయాడు. హుడ్ అతన్ని వెంబడించకుండా ఉత్తరంగా టెన్నెసీలోకి చొరబడ్డాడు. అతన్ని ఆపే పని పడిన థామస్‌కు నాష్‌విల్‌లో మిగిలింది ఒకచోట లేని సైన్యం: షోఫీల్డ్ కింద రెండు కోర్‌లు, మిస్సోరీ నుంచి రావలసిన ఏ.జె. స్మిత్ దళాలు, రైల్వే కాపలా దళాలు, కొత్తగా చేరిన రెజిమెంట్లు, నల్లజాతి సైనికుల రెజిమెంట్లు, చాలినన్ని గుర్రాలు లేని ఆశ్వికదళం. నవంబరు 30న ఫ్రాంక్లిన్ పట్టణం వద్ద షోఫీల్డ్ కందకాల మీద హుడ్ నేరుగా దాడి చేయించి 6,000 మందికి పైగా నష్టపోయాడు. అతని జనరళ్లలో ఆరుగురు ప్రాణాలు కోల్పోయారు. అయినా అతడు నాష్‌విల్ శివార్లకు వచ్చి కందకాలు తవ్వుకొని కూర్చున్నాడు.

వెంటనే దాడి చేయమని వర్జీనియాలో ఉన్న గ్రాంట్ తంతి మీద తంతి పంపాడు. హుడ్‌ను ఓడించడమే కాదు, ఓడినవాణ్ని తరిమి పట్టగల ఆశ్వికదళం కావాలన్నది థామస్ ఆలోచన. అందుకే అతని ఆశ్వికదళ నాయకుడు జేమ్స్ విల్సన్ టెన్నెసీ, కెంటకీల్లో దొరికిన గుర్రాలన్నిటినీ సేకరిస్తున్నాడు. అంతలో మంచువాన కురిసి నేలంతా గాజులా గడ్డకట్టి, మనుషులు గానీ గుర్రాలు గానీ నిలబడలేని స్థితి ఏర్పడింది. డిసెంబరు 9న థామస్ తొలగింపు ఆజ్ఞ సిద్ధమై ఆగిపోయింది. తనను తొలగిస్తే నోరు మెదపకుండా లోబడతానని, సిద్ధం కాకుండా మాత్రం సైనికులను చావుకు పంపలేనని థామస్ భావించాడు. చివరకు అతని స్థానంలోకి వెళ్లమని గ్రాంట్ జాన్ లోగన్‌ను పంపి, ఆపైన తానే బయలుదేరాడు. లోగన్ ఇంకా దారిలో ఉండగానే మంచు కరిగింది.

డిసెంబరు 15 ఉదయం పొగమంచు తొలగుతుండగా, సుమారు 55,000 మంది ఉన్న థామస్ సైన్యం కదిలింది. హుడ్ దగ్గర సుమారు 30,000 మంది లేదా అంతకంటే తక్కువే ఉన్నారు. స్టీడ్‌మన్ కింద నల్లజాతి రెజిమెంట్లు హుడ్ కుడి పార్శ్వం మీద దాడి చేసి అతని దృష్టిని అటు మళ్లించాయి. అదే సమయంలో స్మిత్ దళాలు, గుర్రాలు దిగి రిపీటర్ తుపాకులతో పోరాడిన విల్సన్ ఆశ్వికదళం, తలుపు రెక్క తిరిగినట్టుగా ఎడమ పార్శ్వాన్ని చుట్టి, హుడ్ కట్టిన చిన్న కోటలను ఒక్కొక్కటిగా పట్టుకున్నాయి. రాత్రి హుడ్ రెండు మైళ్లు వెనక్కి తగ్గి, ఇప్పుడు షై కొండ, ఓవర్టన్ కొండ అని పిలిచే రెండు గుట్టల నడుమ కొత్త వరుస తీర్చాడు. 16న ఓవర్టన్ కొండ మీదికి నల్లజాతి సైనికులు చేసిన దాడి విఫలమైంది. 13వ నల్లజాతి రెజిమెంటు ఒక్కటే 220 మందిని కోల్పోయింది. కానీ ఆ దాడికి బెదిరి హుడ్ తన ఎడమ వైపు నుంచి బలగాలను అటు తరలించాడు. సాయంత్రం నాలుగు గంటల వేళ ముందు నుంచి పదాతిదళం, వెనుక నుంచి విల్సన్ ఆశ్వికదళం షై కొండను ముట్టడించగా, కాన్ఫెడరేట్ వరుస నిమిషాల్లో కుప్పకూలింది.

యూనియన్ నష్టం సుమారు 3,000. హుడ్ సైన్యంలో పట్టుబడినవారే సుమారు 4,500 మంది. 50కి పైగా ఫిరంగులు కూడా యూనియన్ చేజిక్కాయి. విల్సన్ గుర్రపు దళం వానలో, బురదలో పది రోజులకు పైగా తరిమి, టెన్నెసీ నది దాటేవరకు వదలలేదు. జనవరిలో హుడ్ పదవి వదులుకున్నాడు. పడమటి రంగంలో ప్రధాన కాన్ఫెడరేట్ సైన్యం మళ్లీ అంతటి శక్తిగా నిలదొక్కుకోలేదు. ఓవర్టన్ కొండ వాలు మీద పడి ఉన్న నల్లజాతి సైనికుల దేహాలను చూసి, వారు పోరాడగలరా అన్న సందేహం తనకిక లేదన్న భావాన్ని థామస్ బాహాటంగా తెలిపాడని అతని అధికారుల్లో ఒకరు నమోదు చేశారు. బానిస యజమానుల ఇంట పుట్టినవాడు అక్కడికి చేరడానికి నడిచిన దూరం, అతని సైన్యాలు నడిచిన ఏ దూరం కన్నా తక్కువది కాదు.

యుద్ధానంతర జీవితం

నాష్‌విల్ విజయానికి థామస్‌ను స్థిర సైన్యంలో, అంటే యుద్ధకాలపు స్వచ్ఛంద దళాలకు భిన్నమైన శాశ్వత సైన్యంలో, మేజర్ జనరల్‌గా నియమించారు; 1865 మార్చిలో అమెరికా కాంగ్రెస్ కృతజ్ఞతలు ప్రకటించింది. ఆ వసంతంలో అతని అధీనంలోని విల్సన్ ఆశ్వికదళం అలబామాలోని ఆయుధ కర్మాగారాల కేంద్రమైన సెల్మాను పట్టుకుంది. కాన్ఫెడరేట్ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్‌ను మే 10న జార్జియాలో బంధించింది కూడా ఆ దళమే.

యుద్ధం తర్వాత కెంటకీ, టెన్నెసీ ప్రాంతాల సైనిక పాలనలో థామస్ విముక్తి పొందిన నల్లజాతివారిని కాపాడేందుకు దళాలను వినియోగించాడు. 1868లో అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్, గ్రాంట్‌కు పోటీగా నిలిపే ఉద్దేశంతో అతనికి బ్రెవెట్ లెఫ్టినెంట్ జనరల్ హోదా ఇవ్వబోగా, యుద్ధం ముగిశాక ఆ గౌరవానికి తగిన పనేదీ తాను చేయలేదని తిరస్కరించాడు. 1869లో పసిఫిక్ తీర సైనిక విభాగాధిపతిగా శాన్ ఫ్రాన్సిస్కో వెళ్లిన అతడు, నాష్‌విల్‌లో తన నడవడిని విమర్శిస్తూ వచ్చిన వ్యాసానికి జవాబు రాస్తూ పక్షవాతం సోకి 1870 మార్చి 28న మరణించాడు. ట్రాయ్ నగరంలో జరిగిన అంత్యక్రియలకు అతని రక్తసంబంధీకులెవరూ రాలేదు. 1879లో వాషింగ్టన్‌లో అతని అశ్వారూఢ విగ్రహం నెలకొల్పారు. శిల్పి జాన్ క్విన్సీ ఆడమ్స్ వార్డ్.

అంచనా

గ్రాంట్, షెర్మన్ ఇద్దరూ తమ స్మృతి గ్రంథాల్లో యుద్ధాన్ని తమ దృష్టి నుంచి చిత్రించారు. థామస్ ఎలాంటి స్మృతులూ రాయలేదు. సొంత కాగితాలను కూడా నాశనం చేయించాడు. రక్షణలో అతన్ని కదిలించలేమని, దాడిలో మాత్రం నిదానమని గ్రాంట్ ఏర్పరచిన అభిప్రాయమే చాలాకాలం చలామణి అయింది. ఆ అభిప్రాయానికి కొంత ఆధారం లేకపోలేదు: మిల్ స్ప్రింగ్స్‌లో ఓడిన ప్రత్యర్థిని ఆ రాత్రే అందుకోలేకపోయాడు, నాష్‌విల్ తర్వాత కూడా హుడ్ సైన్యంలో ఒక భాగం నది దాటి తప్పించుకుంది.

అయితే అదే నిదానానికి మరో పార్శ్వం ఉంది. పటాలను తయారుచేసే విభాగం, తంతి వ్యవస్థ, రైలు మార్గాల మరమ్మతు, వంతెనల సామగ్రి, వైద్య సేవలు ఇవన్నీ కంబర్లాండ్ సైన్యంలో ఎంతో శ్రద్ధతో రూపుదిద్దుకున్నాయి. చికమాగాలో రాత్రివేళ కట్టిన దుంగల గోడలు మరునాటి ఉదయపు దాడులను ఆపాయి. నాష్‌విల్‌లో సేకరించిన గుర్రాలు ఒక పోరాట విజయాన్ని ఒక సైన్యపు పతనంగా మార్చాయి. సైనికుల ప్రాణాలను పొదుపుగా వాడటం అతనికి జాలి మాత్రమే కాదు, యుద్ధనీతి కూడా. లక్షలాది మంది సైనికులను బలిగొన్న యుద్ధంలో ఆ గుణం అరుదైనది. పుట్టిన నేలను, తోబుట్టువుల ప్రేమను కోల్పోయి కూడా మాట తప్పని ఈ సేనాని తన తరఫున వాదించుకోలేదు. చికమాగా గుట్టల మీదా నాష్‌విల్ కొండల మీదా అతడు చేసిన పనే అతని వాదనగా నిలిచింది.